నాలుగు ముక్కల గాలం కర్ర

సూర్‌లో, పడవలు చేసే చోటికి ఎదురుగా
ముసల్లం కొట్టు.
శుక్రవారం నమాజయ్యాక తలుపు తీస్తాడు.
మేం అప్పటికే గడప మీద ఉన్నాం,
నేనూ, జగిత్యాల నర్సాగౌడూ.
ఇద్దరి జేబుల్లో కలిపి ముప్పై నాలుగు రియాళ్ళు.

ఒకటే కర్ర కొనాలి.
అదే పేచీ.

వాడిది ధర్మపురి రేవులో బుడ్డపరకల్ని పట్టిన చెయ్యి.
"కొస మెత్తగుండాలె,
చేప ముద్దు పెట్టినా నాకు తెల్వాలె" అంటాడు.
నాది యానాం పక్కన, ఉప్పూ తీపీ కలిసే పాయ.
పండుగొప్ప లాగితే మోచెయ్యి ఊడొచ్చే చోటు.
నాకు కర్రకి నడుముండాలి.
"ఏడడుగులు సాలు."
"పదుంటే గానీ అల దాటి దారం పోదెహె."

నేను క్రేన్ కింద నిలబడి చెయ్యూపే పనివాణ్ణి.
ఏ బరువుకి ఏ తాడు ఎంత సాగుతుందో
కళ్ళు మూసుకుని చెప్తాను.
అందుకే ప్రతి కర్ర కొసకీ నా తాళాల గుత్తి కట్టి
ఎత్తి చూశాను.
కొన్ని కొసలో మాత్రం తలూపి
మిగతా ఒళ్ళంతా బిర్రబిగుసుకున్నాయి,
కొత్త సూపర్‌వైజర్లలా.
కొన్ని పిడి దాకా వంగిపోయాయి,
బకాయి జీతం అడగడానికెళ్ళిన మాలాగే.

ముసల్లం లోపలికెళ్ళి అటక మీంచి
దుమ్ముపట్టిన గుడ్డసంచి దించాడు.
ఎవరో కెనడా ఇంజనీరు తెప్పించుకుని
తీసుకోకుండానే వెళ్ళిపోయాడట.
నాలుగు ముక్కలు. కలిపితే తొమ్మిదడుగులు.
పిడి మీద చీమల్లాంటి అక్షరాలు: స్టీల్‌హెడ్.

"అంటే?"
ముసల్లం రెండు చేతులూ కలిపి చేపని చేశాడు.
ఏట్లో పుడుతుందట.
సముద్రానికి పోయి వెండి కడుతుందట.
మళ్ళీ ఏటికి ఎదురీది గుడ్లు పెడుతుందట.
"అన్నీ చావవు," వేలెత్తాడు హిందీలో,
"కొన్ని తిరిగి సముద్రానికొస్తాయి. మళ్ళీ పోతాయి."

మా దగ్గరా ఉందొకటి, అన్నాను.
సముద్రంలో ఉన్నంతకాలం ఇలస.
గోదారి ఎర్రనీళ్ళు తాగాక పులస.
చేప అదే. నీళ్ళని బట్టి పేరు, పేరుని బట్టి ధర.

"మరి ఈడ ఏరేది?" అన్నాడు నర్సాగౌడు.
ముసల్లం నవ్వాడు.
ఇక్కడి ఏరు చుట్టపుచూపుకొస్తుంది.
వచ్చినరోజు ఊరంతా కార్లేసుకుని చూడ్డానికెళ్తారు.
వారం తిరిగేసరికి గులకరాళ్ళు.

ఏరు లేని చోట ఏటి కర్ర.
కొస మెత్తన, వాడి కోసం.
మూడో ముక్క నించి బిగువు, నా కోసం.
తాళాల గుత్తి కడితే సగం దాకా వంగి
అక్కడాగి ఆలోచించింది.
ముప్పై ఎనిమిదన్నాడు ముసల్లం.
ఉన్న ముప్పై నాలుగూ బల్ల మీద పెట్టి
జేబులు బయటికి లాగి చూపించాం.

ఆ రాత్రి ఖోర్ ఒడ్డున, లైటు స్తంభం కింద,
తలా పది విసుర్లు వంతు.
రీలు నా పాతదే, ఇసక నములుతూ తిరుగుతుంది.
వాడి వంతులో షేరీ చేప, అరచేతి మేర.
నా వంతులో ఏదో పెద్దది, మొహం చూపించలేదు,
కర్రని విల్లు చేసి దారం తెంచుకుపోయింది.
పట్టిన చిన్నదా, పోయిన పెద్దదా గొప్ప
అన్న తగువు రూము దాకా వచ్చి
అన్నం మీద కూడా కూర్చుంది.

ఇప్పుడు మాకో ఒప్పందం ఉంది.
సెలవు ఎవడిదైతే కర్ర వాడిది.
ముక్కలు కాబట్టి పెట్టెలో ఐమూలగా పడుతుంది,
ఖర్జూరాల డబ్బాకీ తువ్వాళ్ళకీ మధ్య.
ఆషాఢంలో వాడు పట్టుకెళ్ళాడు.
నలభై రోజులు నేను ఖోర్ ఒడ్డున
ఉత్త చేతుల్తో కూర్చున్నాను.
నీళ్ళలో చేప ఎగిరినప్పుడల్లా
మణికట్టు దానంతటదే తిరిగేది.

నిన్న తెచ్చాడు.
మూడో రింగులో ఎర్రమట్టి ఎండి ఉంది.
"కడగలే," అన్నాడు, "టైం దొర్కలే."
అబద్ధం. రీలు అద్దంలా తుడిచి తెచ్చినవాడు.

నేనూ కడగలేదు.
దారం ఆ రింగు దాటేటప్పుడు సన్నగా గీరుతోంది.
ఇవాళ మొదటి పది విసుర్లూ నావి.